దీర్ఘపదముల విరుపు

ఇంగ్లీషు పుస్తకము తెరవగానే మన పిల్లలలో పెక్కుమందికి ఒక సంకటము కలుగును. చిన్న మాటలతో వాక్యము సాఫీగా సాగుచుండగా నడుమ నొక పొడుగుమాట అడ్డుపడును. కన్ను దాని మొదటి మూడక్షరములను చూచును, చివరి రెండక్షరములను చూచును, నడుమ నున్నదానిని దాటిపోవును. నోరు ఏదో యొక శబ్దమును పలుకును. ఉపాధ్యాయుడు విననట్లు ఊరకుండెనా, గండము గడచినట్లే. అనంతపురపు మెట్ట పల్లెలలో ముప్పది యేండ్లకు పైగా పాఠములు చెప్పిన నేను ఈ గండమును దినదినమును చూచితిని. చూచుటయే కాదు, చిన్ననాడు నేనే యందులో పడితిని. ఆ కథ ముందు చెప్పి పిమ్మట విషయములోనికి వచ్చెదను.

అప్పుడు నేను మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. మా యూరు కల్యాణదుర్గము తాలూకాలోని యొక చిన్న పల్లె. రెండేండ్లు వరుసగా వాన చాలలేదు. మా పెదనాయన బావిలో నీరు అడుగంటినది. దానిని మరి రెండు నిలువుల లోతు త్రవ్వించుటకై ఆయన అప్పునకు దరఖాస్తు పెట్టుకొనెను. కొన్ని నెలలకు టైపు కొట్టిన ఇంగ్లీషు కాగితమొకటి వచ్చెను. ఆ వీథిలో ఇంగ్లీషు తెలిసినవాడనని నాకు పేరు. “ఏమని రాసినారప్పా, చదువు” అని పెదనాయన అరుగుమీద కూర్చుండెను. చుట్టును పదిమంది చేరిరి. నేను గొంతు సవరించుకొని చదివితిని. సగము మాటలు తెలియలేదు. తెలియలేదని చెప్పుటకు అంతమందిలో నోరు రాలేదు. ఇంతలో ఒక వరుస మొదట ‘ఎలిజిబుల్’ అను మాట కనబడెను. ఆ నెలలోనే మా మాస్టరుగారు దానిని నల్లబల్లమీద వ్రాసి ‘అర్హత గలవాడు’ అని యర్థము చెప్పియుండిరి. “పెదనాయనా, నీవు అర్హుడవని రాసినారు. అప్పు వచ్చినట్లే” అంటిని.

ఆయన మరునాడే త్రవ్వకపు కూలీలను మాటాడుకొనెను. బయానా ఇచ్చుటకు ఊరిలో వడ్డీకి డబ్బు తెచ్చెను. పదిదినములైన పిదప ఆ కాగితమును పట్టుకొని కచేరీకి పోగా, అక్కడి గుమాస్తా పై వరుస చివర వ్రేలు పెట్టి చూపెనట. ఆ వరుస చివర ‘ఐ, ఎన్’ అను రెండక్షరములును, వాని ప్రక్కన ఒక పొట్టి అడ్డగీతయు నున్నవి. నేను ఆ ‘ఇన్’ అనుదానిని ‘లోపల’ అను చిన్న మాటగా తలచితిని. గీతను టైపుయంత్రపు మరకగా తలచితిని. ఆ రెండక్షరములు క్రింది వరుసలోని మాటకు తలభాగము. రెంటిని కలిపినచో ‘ఇనెలిజిబుల్’, అనగా అనర్హుడు. త్రవ్వకము అర్ధనిలువు దగ్గర ఆగిపోయెను. అసలును వడ్డీయును తీరుటకు రెండు పంటల శనక్కాయలు పోయినవి. పెదనాయన నన్ను ఒక్కమాటయు అనలేదు. అనియుండిన నాకు కొంత సుఖముగా నుండెడిది.

ఇప్పుడు విషయమునకు వత్తము. ఆ గీత యెందుకు వచ్చినది? వరుసలో చోటు చాలనప్పుడు మాటను రెండుగా విరిచి మిగిలినదానిని క్రింది వరుసలో వ్రాయుదురు. విరిచితిమని తెలుపుటకు పై ముక్క చివర చిన్న అడ్డగీతను పెట్టుదురు. అయితే ఎక్కడ పడిన నక్కడ విరుచుటకు వీలులేదు. మాటకు కీళ్లున్నవి. కీలు దగ్గరనే విరువవలెను. ఆ కీలునుండి కీలువరకు గల పలుకు ముక్కను ఇంగ్లీషువారు సిలబుల్ అందురు. అది గ్రీకుభాషనుండి వచ్చిన మాట. ‘కలిపి పట్టుకొన్నది’ అని దాని మూలార్థము. కొన్ని ధ్వనులను ఒక్క ఊపిరి తోపులో కలిపి పట్టుకొని పలుకుదుము గనుక ఆ పేరు తగియున్నది. ఈ పాఠములో దానిని ఖండము అందము.

తెలుగువారికి ఈ సంగతి క్రొత్త కాదు. మన లిపిలో ఇంచుమించుగా ఒక్కొక్క అక్షరమే ఒక్కొక్క ఖండము. అనంతపురము అని వ్రాసినచో అ, నం, త, పు, ర, ము అని ఆరు ఖండములు కన్నులకే కనబడును. ఇంగ్లీషు లిపి యట్లు కాదు. అచ్చు వేరుగను హల్లు వేరుగను ఒకదానిప్రక్క నొకటి నిలిచియుండును. ఏ హల్లు ఏ అచ్చునకు చెందినదో చదువువాడే తేల్చుకొనవలెను. మన లిపి మూటలు కట్టి యిచ్చిన ధాన్యము. వారి లిపి కళ్లములో రాశిపోసిన ధాన్యము, మూట మనమే కట్టుకొనవలెను.

అయితే మన లిపియు ఒక్కచోట మనలను కొంచెము మోసపుచ్చును. ధర్మవరము అనుదానిని ధ, ర్మ, వ, ర, ము అని వ్రాయుదుము. నోరు మాత్రము ధర్–మ–వ–ర–ము అని పలుకును. కల్యాణదుర్గమును కల్–యా–ణ–దుర్–గ–ము అని పలుకుదుము. గుంతకల్లును గుం–త–కల్–లు అందుము. సంయుక్తాక్షరములోని మొదటి సగము ముందరి అక్షరమును పట్టుకొని వ్రేలాడును. కనుకనే మన లాక్షణికులు సంయుక్తాక్షరమునకు ముందున్న లఘువు గురువగునని చెప్పిరి. ఆ సూత్రమును మీరు వల్లెవేసియుందురు. అది యూరక పెట్టిన నియమము కాదు, చెవితో విని చెప్పినది. ఈ సూత్రము తెలిసినవానికి ఇంగ్లీషు ఖండవిభాగములో సగము తెలిసినట్లే.

ఏలయన, రెండచ్చుల నడుమ రెండు హల్లులున్నచో ఇంగ్లీషులోను ఒకటి ముందరి ఖండమునకును ఒకటి వెనుకటి ఖండమునకును పోవును. మార్–కెట్, పెన్–సిల్, సెప్–టెం–బర్. మూడు హల్లులు వచ్చినచోట, మాటకు మొదట నిలువగల జంటను వెనుకటి ఖండమునకు విడిచి మిగిలినదానిని ముందరికి చేర్చవలెను. హన్–డ్రెడ్, డిస్–ట్రిక్ట్. ‘డ్రె’తోను ‘ట్రి’తోను ఇంగ్లీషు మాటలు మొదలగును గదా. ఎస్, హెచ్ కలిసి ‘ష’యును, పి, హెచ్ కలిసి ‘ఫ’యును అగు జంటలు మాత్రము వ్రాతకు రెండైనను పలుకునకు ఒక్కటే. వానిని విడదీయరాదు.

రెండచ్చుల నడుమ ఒక్క హల్లే యున్నచో చిక్కు వచ్చును. ఆ హల్లు సాధారణముగా వెనుకటి ఖండమునకు పోవును, ముందరి అచ్చు దీర్ఘముగా పలుకును. పే–పర్, స్టూ–డెంట్. కాని కొన్నిట ముందరి ఖండమునకే అంటుకొని అచ్చును పొట్టిచేయును. రివ్–అర్ అని నదికి పేరు. ‘రై–వర్’ అని యెవరును పలుకరు. దీనికి తిరుగులేని సూత్రము లేదు. మొదటి తీరున పలికి చూడుడు, విన్న మాటగా తోచకున్నచో రెండవ తీరున పలుకుడు. ఇంగ్లీషువారే దీనిని గూర్చి తగవులాడుకొనిరి. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ అను పండితుడు 1783లో పిల్లలకు వర్ణక్రమ పుస్తకము ప్రకటించుచు, అంతకుముందు పుస్తకములలో హా–బిట్ అని విడదీయుచుండిన మాటను హ్యాబ్–ఇట్ అని విడదీయవలెనని వాదించెను. నోరెట్లు పలుకునో పుస్తకమట్లు విరువవలెనని ఆయన పట్టు.

ఇక అచ్చుల లెక్క. ఎన్ని అచ్చులు వినబడునో అన్ని ఖండములు. కనబడిన అచ్చులన్నియు కాదు, వినబడినవి. మన సీమకు శాపమువలె అంటుకొన్న మాట యొకటి కలదు, డ్రౌట్. అనగా కరవు. దానికి ఏడక్షరములు, ఖండము ఒక్కటే. దాని ప్రక్కన సర్కారు కాగితములలో తరచుగా కనబడు ఏరియా అను మాటకు అక్షరములు నాలుగే, ఖండములు మూడు, ఏ–రి–ఆ. 1973–74లో కేంద్ర ప్రభుత్వము కరవుపీడిత ప్రాంతములకై ప్రారంభించిన కార్యక్రమపు పేరులో ఈ రెండు మాటలును ఉండెను. పేరు చదువలేని రైతులకే ఆ కార్యక్రమము పనికివచ్చినది. కాబట్టి పొడుగు కంటికి వేరు, నోటికి వేరు. మాట చివరనుండు ‘ఇ’ అను అక్షరము పెక్కుచోట్ల పలుకదు, ముందరి అచ్చును సాగదీసి తాను మౌనము వహించును. క్లైమేట్ అనుదానిలో మూడచ్చులు కనబడును, రెండే వినబడును, క్లై–మేట్.

భూతకాలమును తెలుపు ‘ఇ, డి’ అను ప్రత్యయమును గూర్చి మన పిల్లలు తరచుగా పొరపడుదురు. అది ‘టి’కి గాని ‘డి’కి గాని పిమ్మట వచ్చిననే వేరు ఖండమగును. దున్నెను అనుటకు ప్లౌడ్, ఒక్క ఖండము. కలుపుతీసెను అనుటకు వీ–డెడ్, రెండు ఖండములు. సీ–డెడ్ అను మాటయు అట్టిదే. ఈ సీడెడ్ అనునది మన చరిత్రలోని మాట. 1800లో నిజాము తన యేలుబడిలోని బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు ప్రాంతములను ఈస్టిండియా కంపెనీకి అప్పగించెను. అప్పగింపబడినవి గనుక కంపెనీవారు ఈ భూములను సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అనిరి. తెలుగులో దత్తమండలములనిరి. థామస్ మన్రో 1800 మొదలు 1807 వరకు ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి అనంతపురమున నివసించెను. అనంతపురము బళ్లారినుండి విడిపోయి వేరు జిల్లా యైనది 1882లో.

ఇక్కడ మాటలను విరుచు రెండవ తీరు మొదలగును. ఇంతవరకు నోటికొరకు విరిచితిమి. ఇప్పుడు అర్థముకొరకు విరుతము. ఈ రెంటికిని భేదము మీకు పద్యపాఠములో తెలిసినదే. గణవిభాగము చేయునప్పుడు మాట నడుమనైనను గీత గీయుదుము. పదచ్ఛేదము చేయునప్పుడు మాట చివరనే ఆగుదుము. రామాలయము అనుదానిని నోరు రా–మా–ల–య–ము అని విరుచును. బుద్ధి రామ, ఆలయము అని విరుచును. ‘మా’ అను ఖండము రెండు మాటలకును ఉమ్మడి గోడ. ఒకనాడు ఒక బాలుడు గణములు గుర్తించి, వానికే అర్థము వ్రాసుకొని వచ్చెను. నవ్వితిమి గాని, వాని తప్పు చిన్నది. మేము రెండు విరుపుల భేదమును వానికి చెప్పనేలేదు.

ఇంగ్లీషులో నాలెడ్జ్ అను మాటను వరుస చివర విరువవలసివచ్చినపుడు బ్రిటిషు అచ్చుకూటములవారు ‘తెలియు’ అను అర్థముగల ‘నో’ దగ్గర విరుచు ఆచారము కలదు. అమెరికావారు ‘నాల్’ అని పలుకు చోట విరుతురు. వీరు నోటి పక్షము, వారు అర్థపు పక్షము.

సీడ్ అను ధాతువు లాటిను భాషనుండి వచ్చినది. ‘వెళ్లు, తొలగు, విడిచియిచ్చు’ అని దాని యర్థచ్ఛాయలు. దానికి ముందు ఉపసర్గలు చేరిన కొలది అర్థము మారును. ప్రొసీడ్ అనగా ముందునకు సాగు. ఎక్సీడ్ అనగా హద్దు దాటు. రిసీడ్ అనగా వెనుకకు పోవు. కన్సెషన్ అనగా తగ్గి యిచ్చిన రాయితీ. మన సంస్కృతములోని ‘హృ’ ధాతువు నాట్యము జ్ఞప్తికి రాలేదా? ప్రహారము దెబ్బ, ఆహారము తిండి, విహారము షికారు, సంహారము చావు, పరిహారము పంట పోయినపుడు మనము ఎదురుచూచునది. ఒకే ధాతువు ఐదు వేషములు. ఇట్టి ఉపసర్గలు సంస్కృతమున ఇరువదిరెండు. ఇంగ్లీషులో ఎక్కువే గాని, తరచుగా వచ్చునవి ముప్పది నలువదికి మించవు. ముప్పది నేర్చినవానికి వేల మాటల తలుపులు తెరచుకొనును.

దత్తమండలములన్న మాట ఈ సీమవారికి కష్టముగా తోచుచుండెను. మా నేలను ఎవరు ఎవరికి దత్తమిచ్చిరని వారి బాధ. 1928లో నంద్యాలలో జరిగిన సభలో ఆ పేరు తొలగించి రాయలసీమ అను పేరును నిలిపిరి. ఆ పేరును సూచించినవారు చిలుకూరి నారాయణరావుగారు. ఆయన అనంతపురములోని దత్తమండల కళాశాలలో తెలుగు బోధించిన పండితులు. ఆయన ఆంధ్రభాషాచరిత్రము 1937లో వెలువడినది. తెలుగు ప్రాకృతమునుండి పుట్టినదని ఆయన అందులో వాదించిరి. ఆ వాదమును తరువాతి భాషాశాస్త్రజ్ఞులు అంగీకరింపలేదు, నేనును అంగీకరింపను. అయినను వేలకొలది మాటలను కీలు కీలు విప్పి చూచిన ఆ శ్రమకు నమస్కరింపవలసినదే.

ఇప్పుడు ఇనెలిజిబుల్ అను నా శత్రువును విప్పెదను. నోటికి ఇన్–ఎ–లి–జి–బుల్ అని ఐదు ఖండములు. అర్థమునకు నాలుగంగములు. ‘లిజ్’ అనునది ఎన్నుకొను ధాతువు. దాని ముందరి ‘ఎ’కు ‘వెలికి’ అని యర్థము. ‘ఇబుల్’ అనునది ‘తగిన’ అను అర్థమిచ్చు ప్రత్యయము, పూజనీయము, దర్శనీయము అను మాటలలోని ‘అనీయ’ వంటిది. అందరిలోనుండి ఎన్ని వెలికి తీయదగినవాడు ఎలిజిబుల్. ముందు ‘ఇన్’ చేరగానే కాదు పొమ్మనుట. అర్హుడు, అనర్హుడు అను మన మాటలలోని ‘అన్’ అదియే. పోలిక యని యనుట లేదు, చుట్టరికమనుచున్నాను. సంస్కృతపు ‘అన్’, గ్రీకుల ‘అన్’, లాటినువారి ‘ఇన్’, ఇంగ్లీషువారి ‘అన్’ ఒక తల్లి బిడ్డలు. సంస్కృత, గ్రీకు, లాటిను భాషలకు మూలమొక్కటియై యుండవలెనని విలియం జోన్సు 1786లో కలకత్తాలో చెప్పెను. తెలుగు తమిళము మొదలగునవి వేరొక కుటుంబమని 1816లో ఎల్లిస్ దొర చూపెను.

ఈ ‘ఇన్’ నిలకడలేనిది. ముందున్న హల్లును బట్టి రూపు మార్చుకొనును. పి ముందు ఇంపాసిబుల్, ఎల్ ముందు ఇల్లీగల్, ఆర్ ముందు ఇర్రెగ్యులర్. ఇది సంధికార్యమే. సమ్ అనునది సంగతి, సంచయము, సల్లాపము అను మాటలలో ఎట్లు మారుచున్నదో చూడుడు. సంధి తెలిసినవానికి వింత లేదు.

కాని యొక హెచ్చరిక చెప్పక తప్పదు. ఇరిగేషన్ అను మాటను చూడుడు. దాని మొదటనున్న ‘ఇర్’ కూడ ‘ఇన్’ నుండి వచ్చినదే. దీనిని ‘కాదు’ అనుకొన్నచో నీటిపారుదల కాస్త నీరులేమియగును! ఇక్కడి ‘ఇన్’ వేరు, ‘లోనికి’ అని దాని యర్థము. నేలలోనికి నీరు పారించుట ఇరిగేషన్. వేషమొక్కటే, మనుష్యులిద్దరు. తల చూచి మనిషిని పోల్చుకొన్నామని తొందరపడరాదు. మొత్తము మాటను వాక్యములో పెట్టి చూడవలెను.

ఇంగ్లీషులో పొట్టి మాటలును పొడుగు మాటలును వేరు వేరు దారులలో వచ్చినవి. రెయిన్, వాటర్, ఫీల్డ్, కౌ, ఇవి ఇంటి మాటలు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప ఫ్రెంచి ద్వారమునను, తరువాత పండితుల చేతులమీదుగను లాటిను మాటలు వెల్లువగా వచ్చినవి. రెయిన్ అన్నచాలు తడిసిపోదుము. ప్రెసిపిటేషన్ అనవలెనన్న పుస్తకము పట్టవలెను. మనకును అంతే. వాన మన యింటిది, వర్షపాతము సంస్కృతమునుండి తెచ్చుకొన్నది. అనంతపురములో ఏటి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరృతి మేఘములను పిండివేయును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వానలును ఇక్కడికి అలసి వచ్చును.

ఆ కొద్ది వానకు సరిపోయిన పంట వేరుశనగ. ఇంగ్లీషు పేరు గ్రౌండ్–నట్. రెండు ఇంటి మాటలను కట్టిన సమాసము, కీలు స్పష్టముగా కనబడుచున్నది. శాస్త్రజ్ఞుల పేరులోని రెండవ మాట హైపోజియా. హైపో అనగా క్రింద, జియా అనగా భూమి. జియోగ్రఫీలోని జియోయు అదియే. మన రైతు వేరు అనుచున్నాడు, ఇంగ్లీషువాడు నేల అనుచున్నాడు, గ్రీకు పేరు నేలక్రింద అనుచున్నది. ముగ్గురును ఒకే కాయను చూచి మాటాడినారు.

ఇక నేను మా తరగతిలో చివరకు చెప్పుచుండిన మాట, ఇవాపొట్రాన్స్పిరేషన్. దీనిని నల్లబల్లమీద వ్రాసినంతనే బాలురు నిట్టూర్చెడివారు. తోకనుండి పట్టుకొనుడనెడివాడను. తోకలోని నాలుగక్షరములు ‘షన్’ అను ఒక్క ఖండము. అది క్రియను పేరుగా మార్చు ప్రత్యయము. మిగిలినదానిలో అచ్చులు వెదకుడు. ఇ–వా–పొ–ట్రాన్–స్పి–రే–షన్, ఏడు ఖండములు. ఇవి నోటికి. అర్థమునకు రెండు మాటల ముడి. ఇవాపొ అను ముక్క ఇవాపొరేషన్‌నుండి వచ్చినది. ‘ఇ’ వెలికి, ‘వేపర్’ ఆవిరి. నేలనుండియు చెరువునుండియు నీరు ఆవిరియై లేచిపోవుట. ట్రాన్స్పిరేషన్ అనగా చెట్టు తన ఆకులద్వారా నీటిని ఆవిరిగా విడుచుట. ‘ట్రాన్స్’ గుండా, ‘స్పైర్’ ఊపిరి. ఇక్కడ ‘స’కారము రెండంగములకును ఉమ్మడి, మన రామాలయములోని ‘మా’ వలె. వాతావరణ శాస్త్రజ్ఞుడు థార్న్‌త్‌వెయిట్ 1948లో భూమిమీది శీతోష్ణస్థితులను విభజించునపుడు, ఆకాశము ఇచ్చు నీటిని ఈ రెండు తీరుల ఆకాశము లాగికొనగల నీటితో పోల్చి చూచెను. ఇచ్చునది తక్కువ, లాగికొనునది ఎక్కువ యైన నేల మెట్ట. మన జిల్లా కథ యంతయు ఆ యొక్క మాటలో నున్నది. అర్థము తెలిసిన పిదప బాలురు ఆ మాటను మరచిపోలేదు.

దానికి చెల్లెలు డెజర్టిఫికేషన్. డెజర్ట్ అనగా ఎడారి. ‘ఫికేషన్’ అనగా కానిదానిని అట్లు చేయుట. 1977లో నైరోబిలో ఐక్యరాజ్యసమితి ఈ విషయమునకై ఒక మహాసభ జరిపెను. రాయదుర్గము వైపు వేదవతి యొడ్డున పొలములమీద ఇసుక మేట వేయుట చూచినవారికి ఈ మాటకు వేరు వ్యాఖ్యానము అక్కరలేదు. సంస్కృతములో ఇట్టి పనిని చ్వి అను ప్రత్యయము చేయును. శుద్ధము కానిదానిని శుద్ధము చేయుట శుద్ధీకరణము, బాష్పము కానిది బాష్పమగుట బాష్పీభవనము. పత్రికలవారు ఇదే మూసలో ఎడారీకరణ అని పోతపోసిరి. ఎడారి తెలుగుమాట, దానికి సంస్కృతపు తోక తగిలించుట మా గురువులు వినియుండిన చెవులు మూసికొనెడివారు. నేనును మొదట మూసికొంటిని. ఇప్పుడు అలవాటైనది.

పలుకుటలో మిగిలినది ఊనిక. తెలుగులో గురువు లఘువులు కలవు గాని ఇంగ్లీషులోవలె మాటలో నొక్క ఖండమును గట్టిగా ఒత్తి తక్కినవానిని నలిపివేయు ఆచారము లేదు. వారు ఫోటోగ్రాఫ్ అనుచో మొదటి ఖండమును ఒత్తుదురు. ఫొటాగ్రఫీ అనుచో రెండవదానిని, ఫోటోగ్రాఫిక్ అనుచో మూడవదానిని. పొడుగుమాటలకు ఒక యుపాయము కలదు. ‘షన్’తో ముగిసినచో దానికి సరిగా ముందున్న ఖండమునే ఒత్తవలెను. ప్రెసిపిటేషన్‌లో ‘టే’, ఇరిగేషన్‌లో ‘గే’. ఈ యొక్క సూత్రము మీ పలుకులో సగము తడబాటును తీర్చును.

పొడుగుమాటలు ఇంగ్లీషువారికే యున్నవని తలపకుడు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను దొరకు మన ‘రాలేకపోయినందుకు’ వంటి మాట ఎట్లు కనబడియుండునో ఊహింపుడు. వచ్చు, చాలకుండుట, పోవుట, కారణము, ఇన్నియు ఒక్క ఊపిరిలో కలిసి కూర్చున్నవి. వీథిలోని పసివాడు దానిని తడుముకొనక పలుకును. బ్రౌను కూర్చుండి విప్పికొనెను. విప్పికొనుటయే కాదు, మన గురులఘువులను గణములను నేర్చి, 1827లో తెలుగు సంస్కృత ఛందస్సులను ఇంగ్లీషువారికి తెలుపు పుస్తకము అచ్చువేయించెను. నిఘంటువులు ఆ పిమ్మటివి. మన మాటల కీళ్లు ఆయన వెదకెను, వారి మాటల కీళ్లు మనము వెదకుచున్నాము.

మా పెదనాయన ఆ తరువాత ఇరువదేండ్లు బ్రదికెను. ఇంగ్లీషు అక్షరములు ఆయనకు ఎన్నడును రాలేదు. అయినను ఏ కాగితము వచ్చినను నా చేతికి ఇచ్చుటకు ముందు వెలుతురునకు పట్టి, ప్రతి వరుస చివరను వ్రేలితో తడుముచు పైనుండి క్రిందికి పోయెడివాడు. ఎక్కడనైన పొట్టి అడ్డగీత కనబడెనా, అచ్చట గోరుతో నొక్కి గుర్తు పెట్టి, “ఈడ గీత ఉండాది, చూసుకోప్పా” అని చెప్పి యిచ్చెడివాడు.